ఆయనకు మిగిలిన ఒక్క మాట

ఈ మధ్య మా పాత డిపార్ట్‌మెంట్ వాళ్లు, కొత్తగా చేరిన స్పీచ్ థెరపిస్టులతో కాసేపు మాట్లాడి వెళ్లమని పిలిచారు. వెళ్లాను. గోడలకు కొత్త రంగులు, టేబుళ్ల మీద టాబ్లెట్లు. బొమ్మ మీద వేలు పెడితే ఆ టాబ్లెట్ "నీళ్లు కావాలి" అని చక్కటి ఆడగొంతుతో చెబుతోంది. ముచ్చటేసింది. మా రోజుల్లో ఇది ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. ఆ వెంటనే, ఉండి ఉంటే ఒక మనిషి గొంతు నాకు ఇంతగా గుర్తుండేది కాదేమో అని కూడా అనిపించింది.

"మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" అని ఒకమ్మాయి అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను కానీ సగంలోనే ఓపీ టైమ్ అయిపోయింది. మిగతా సగం లేకపోతే ఆ కథ వట్టి తమాషాగా మిగిలిపోతుంది. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లిష్‌లో ‘సూన్’ అనే మాట మీ అందరికీ తెలుసు. నాకూ తెలుసనే అనుకునేదాన్ని. డిక్షనరీ తెరిస్తే త్వరలో, తొందరగా, కొద్దిసేపట్లో, అనతికాలంలో అని ఉంటుంది. ఇంగ్లిష్‌లోనే దానికి అక్కచెల్లెళ్లు బోలెడు మంది: షార్ట్‌లీ, ప్రెజెంట్‌లీ, బిఫోర్ లాంగ్. ఉర్దూలో జల్దీ అనొచ్చు, కాస్త దర్జాగా అన్‌ఖరీబ్ అనొచ్చు. ఇవన్నీ రాబోయే కాలం గురించి చెప్పే మాటలే, కానీ ఆ కాలం ఎంత దూరంలో ఉందో ఒక్కటీ చెప్పదు. నేను చెప్పబోయే మనిషికి పక్షవాతం వచ్చాక ఈ లోకంలోని మాటలన్నీ పోయి ఇదొక్కటే మిగిలింది.

అప్పట్లో మా గది చెవి, ముక్కు, గొంతు ఓపీ పక్కన ఉండేది. అంతకుముందు విరిగిన మంచాలు పడేసే గది అది. కిటికీ తెరిస్తే మూసీ వాసన, మూస్తే స్పిరిట్ వాసన. అందులో ఇద్దరం పనిచేసేవాళ్లం. నాకంటే సీనియర్ ఒకాయన కిషన్‌బాగ్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. ఆయన్ని నేను భాయ్‌సాబ్ అనేదాన్ని. ఉర్దూ మాట్లాడే పేషెంట్లు ఆయనకు, తెలుగు వాళ్లు నాకు అని రూలు. పాతబస్తీలో ఆ రూలు ఎంతసేపు నిలుస్తుంది? ఒకే మనిషి భార్యను తెలుగులో కసిరి, కొడుకును ఉర్దూలో పిలిచి, డాక్టర్‌కు ఇంగ్లిష్‌లో థాంక్స్ చెప్పే ఊరు ఇది. కాబట్టి ఇద్దరం కలిసే అందరినీ చూసేవాళ్లం. భాయ్‌సాబ్ లావుపాటి మనిషి. గొంతు ఏమంత బాగుండేది కాదు కానీ పాడటానికి సిగ్గుపడేవారు కాదు.

ఒక రోజు ఓపీ నుంచి పంపిస్తే ఒక జంట వచ్చింది. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, కుడికాలు ఈడ్చుకుంటూ నడక. ఆమె సన్నగా, చురుగ్గా ఉంది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా కాలర్ సరిచేసి, తర్వాత తను కూర్చుంది.

"మీ పేరు చెప్పండి సార్," అన్నాను.

"సూన్," అన్నారాయన.

వినలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, లోపలెక్కడో వెతికి, నోరు తెరిచారు. "సూన్!" ఆ మాట వినగానే ఆయన మొహం మాడిపోయింది. ఎడమచేత్తో తొడ మీద కొట్టుకున్నారు.

ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మా సారుకు ఆఫీసుల గదే పేరు మేడమ్. సూన్ సాబ్ అంటరు. గిప్పుడు అదొక్కటే మిగిలింది."

అప్పటిదాకా గది మూలలో మరో పేషెంట్‌తో ఉన్న భాయ్‌సాబ్ తల తిప్పి చూసి, లేచి నిలబడ్డారు. "అరే, సూన్ సాబ్! మీరా!"

సంగతేమిటంటే, ఆ పెద్దమనిషి మంచినీళ్ల నల్లా కనెక్షన్లు మంజూరు చేసే ఒక సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంట్. భాయ్‌సాబ్ కొత్తగా ఇల్లు కట్టుకున్నప్పుడు నల్లా కోసం ఆ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీశారట. ఎప్పుడు పోయినా ఈయన కళ్లజోడు పైనుంచి చూసి "సూన్" అనేవారట. దాని అర్థం ఒక్కోసారి ఫైలు తన దగ్గరే ఉందని, ఒక్కోసారి తన దగ్గర లేదని, ఒక్కోసారి పెద్దసారు సెలవులో ఉన్నాడని, ఎక్కువసార్లు మాత్రం ఈ రోజుకు ఇంటికి పొమ్మని. లంచం అడిగే మనిషి కాదు. నోటితో కాదనలేని మనిషి. అందుకే ఆ మాటను అడ్డం పెట్టుకునేవారు.

"మరి నల్లా వచ్చిందా భాయ్?" అని ఆమె నిజంగానే కంగారుగా అడిగింది.

"వచ్చింది చెల్లెమ్మా, వచ్చింది. మా పెద్దపిల్ల షాదీ ముందల వచ్చింది," అన్నారు భాయ్‌సాబ్. ఆయన వెళ్లి పేషెంట్ ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. "ఇగ నా బారీ సాబ్, నా వంతొచ్చింది. నేను మాత్రం మీకు సూన్ అని చెప్ప. రోజూ రావాలె, మెహనత్ చెయ్యాలె. అంతే."

సూన్ సాబ్ నవ్వారు. సగం మొహమే నవ్వింది కానీ నవ్వే.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మెదడులో మాట పుట్టే చోటు దెబ్బతిన్నప్పుడు చాలామందికి ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, తాము చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది, నోటికి మాత్రం రాదు. కొందరికి ఒకే ఒక్క మాట మిగిలి, ఏం చెప్పబోయినా అదే దూకుతుంది. ఎందుకు ఆ మాటే మిగులుతుందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నా సర్వీసులో ఒక పూజారిగారికి బూతుమాట మిగిలింది. ఆయన కోడళ్ల అవస్థ మీరే ఊహించుకోండి. దాంతో పోలిస్తే ‘సూన్’ మర్యాదైన మాటే.

మాట ఒక్కటే అయినా రాగం మిగిలి ఉంటుంది. ఈయన ‘సూన్’ అని కోపంగా అనేవారు, గారంగా అనేవారు, విసుగ్గా, వేళాకోళంగా అనేవారు. ఆసుపత్రి గేటు దగ్గర ఆటోవాడు ఎక్కువ అడిగితే, ఆ ఒక్క మాటను ఎంత దీర్ఘం తీసి అనేవారంటే ఆటోవాడు తగ్గి మామూలు కిరాయికి వచ్చేవాడు. ఫ్యాన్ కావాలంటే సూన్, చాలంటే సూన్, ఇంటికి పోదామన్నా సూన్. ఆమెకు మాత్రం దాదాపు అన్నీ అర్థమయ్యేవి. "ఆకలి కాదు మేడమ్, నడుము నొస్తుంది," అని చెప్పేది. కొన్నిసార్లు ఆమె కూడా తప్పేది. అప్పుడు ఆయన తల గోడకు ఆనించి కళ్లు మూసుకునేవారు, ఆమె ఆయన వేళ్లు నొక్కుతూ కూర్చునేది.

పాట పాడించి చూద్దామన్నది భాయ్‌సాబ్ ఆలోచన. మాట పోయినవాళ్లకు పాట మిగలడం మాకు కొత్తకాదు. ఆయనకు చిన్నప్పటి నుంచి వచ్చిన భజన ఏదైనా ఉందా అని ఆమెను అడిగారు. ఆమె సన్నగా అందుకుంది. రెండో చరణంలో ఆయన గొంతు కలిసింది. మాటలతో సహా, తప్పు లేకుండా, చివరిదాకా పాడారు. పాట అయిపోగానే ఆమె ఆశగా ముందుకు వంగి, "ఇప్పుడు నన్ను పిలువుండ్రి," అంది.

ఆయన పెదాలు కదిలాయి. చాలాసేపు కదిలాయి. చివరికి "సూన్" అన్నారు.

"పాటొస్తది గానీ నా పేరు రాదా?" అంది ఆమె. గొంతులో నిష్ఠూరం.

"మీ పేరేంటో చెప్పండమ్మా, దాన్ని మొదటి అక్షరం నుంచి సాధన చేయిద్దాం," అన్నాను నేను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "కాయిదాల మీది పేరు కాదు మేడమ్. పెండ్లైన కొత్తల ఆయన నాకు ఒక పేరు పెట్టుకున్నడు. ఎవ్వరి ముందల పిలవడు. ఇంట్ల ఎవరూ లేనప్పుడు పిలుస్తడు. అది ఆయన నోట్లకెంచి వినాలె నేను."

"అదే చెప్పండి, నేర్పిస్తాం."

"చెప్ప. మీరు నేర్పిస్తే ఆయన చిలుక లెక్క అంటడు. గట్ల అనిపించుకున్న పేరు నాకెందుకు? వస్తే దానంతట అదే రావాలె."

భాయ్‌సాబ్ నా వైపు చూసి, ఇంక అడగొద్దన్నట్టు కనుసైగ చేశారు. ఆ రోజు వాళ్లు వెళ్లాక భాయ్‌సాబ్ కుర్చీలు సర్దుతూ తన భార్య మాట ఎత్తారు. ఆమె పోయి అప్పటికి కొంతకాలమైంది. ఆ సంగతి ఆ ఒక్క రోజు తప్ప ఎప్పుడూ నా ముందు ఎత్తలేదు. "మా ఆవిడ నన్ను ఏమని పిలిచేదో తెలుసా మేడమ్? ఏం పిలిచేది కాదు. గాజులు చప్పుడు చేసేది. నేను పోయేటోణ్ణి," అన్నారు.

తర్వాత ఒక పొరపాటు జరిగింది. అప్పట్లో మా చదువులో ఒక పద్ధతి ఉండేది: ఆ మిగిలిన మాట అడ్డు పడుతున్నంతకాలం కొత్త మాట రాదు, కాబట్టి అది వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టి ఆపాలి. భాయ్‌సాబ్ దాన్ని ఈయన మీద ప్రయోగించారు. ‘సూ’ అనగానే అరచెయ్యి చూపించేవారు. ఆయన చెప్పినట్టే ఆగిపోయేవారు. బాగా నేర్చుకుంటున్నారని మేం సంబరపడ్డాం. మూడు వారాలకు ఆయన ‘సూన్’ అనడం మానేశారు. దాని చోట ఇంకేదీ రాలేదు. అసలు నోరు తెరవడమే మానేశారు. పాట కూడా మానేశారు. ఆ తర్వాత రావడమే మానేశారు.

ఆమె ఒక్కతే వచ్చింది ఒక పొద్దున. గుమ్మంలోనే నిలబడింది. "ఉన్నది ఒక్కటే ఉండె. అది గూడ గుంజుకున్నరు," అంది. "ఇల్లు స్మశానం లెక్క ఉంది భాయ్. లొల్లి చేసినా మంచిగుండె, ఒక మనిషి ఉన్నడనిపిస్తుండె." కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్లిపోయింది.

భాయ్‌సాబ్ ఆ సాయంత్రమే డ్యూటీ అయ్యాక నన్ను తీసుకుని పురానాపూల్ దగ్గర వాళ్లింటికి బయల్దేరారు. దారిలో జామకాయలు కొన్నారు. సన్నటి గల్లీ, రెండు మెట్లు ఎక్కితే వరండా. ఆయన చెక్క కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. భాయ్‌సాబ్ ఎదురుగా వెళ్లి, అంత లావు మనిషి, నేల మీద కూర్చున్నారు.

"సాబ్, గలతీ ఐంది. మీ మాట మీరు వాపస్ తీస్కోండ్రి. కోపముంటే తిట్టుండ్రి. నేను రోజూ వచ్చి ఇక్కడనే కూసుంట. మళ్ల ఎప్పుడొస్తరు ఆసుపత్రికి?"

ఆయన మెల్లగా ఇటు తిరిగారు. భాయ్‌సాబ్‌ను తలనుంచి కాలిదాకా చూశారు. లేని కళ్లజోడు పైనుంచి చూసినట్టు గడ్డం కాస్త దించి, సూపరింటెండెంట్ గొంతుతో అన్నారు: "సూన్."

భాయ్‌సాబ్ పగలబడి నవ్వారు. "నల్లా కోసం పోతే అచ్చం గిట్లనే అన్నడు మేడమ్, అచ్చం గిట్లనే!" ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అప్పుడు నాకు తెలియలేదు. ఆ మర్నాడు వాళ్లిద్దరూ ఓపీకి వచ్చారు.

ఆ తర్వాత కొన్ని మాటలు మొదలయ్యాయి. ‘వద్దు’ వచ్చింది. ‘పద’ వచ్చింది. రోజుకొకలా వచ్చి పోయే మాటలు. ‘సూన్’ మాత్రం ఇంటిమనిషిలా ఉండిపోయింది.

అలా ఉండగా ఆమెకు కడుపులో గడ్డ ఉందని తేలింది. చాలా రోజులుగా నొప్పి ఉన్నా ఎవరికీ చెప్పలేదట. ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే. గడ్డ ఎలాంటిదో తీసి చూస్తేగానీ తెలియదన్నారు డాక్టర్లు. ఆ సంగతి చెప్పడానికి ఆమె ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వచ్చింది.

"నాకు నా ఫికర్ లేదు మేడమ్. నాకేమన్న ఐతే ఆయన మాట ఎవరికి సమజైతది? నీళ్లు అడిగిండా, దర్వాజ ముయ్యమన్నడా, ఎవరికి తెలుస్తది? నా బిడ్డకు నేర్పియ్యాలె మీరు."

"ఆయనకు కాదా?"

"ఆయనకు వచ్చినంత వచ్చింది. ఇప్పుడు నా బిడ్డకు వినుడు నేర్పియ్యుండ్రి."

వాళ్లకు ఒక్కతే కూతురు. సైదాబాద్‌లో కాపురం, ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. సెలవు పెట్టి వచ్చింది. చేతి గడియారం చూసుకుంటూ కూర్చుంది. తండ్రి "సూన్" అన్నప్పుడల్లా ఆ అమ్మాయి దవడ బిగుసుకోవడం చూశాను. రెండో రోజు తండ్రి భాయ్‌సాబ్‌తో వరండాలో నడుస్తున్నప్పుడు ఆ అమ్మాయే చెప్పింది.

"నాతోని కాదు మేడమ్. గీ మాట నేను పుట్టినప్పటి సంది వింటున్న. బాపు, నుమాయిష్‌ల రంగులరాట్నం ఎప్పుడు ఎక్కుదాం అంటే సూన్. సైకిల్ ఎప్పుడు కొంటవ్ అంటే సూన్. నా స్కూల్ ఫంక్షన్‌కు వస్తవా అంటే సూన్. ఒక్కటన్న ఐందా? ఇప్పుడు అదే మాటల ఆకలి ఉంది, దూప ఉంది, ప్రేముంది అంటే నాకెట్ల వినవస్తది చెప్పుండ్రి?"

ఏ చదువులోనూ ఇది చెప్పలేదు. ఆ మాటను పక్కన పెట్టమని మాత్రం చెప్పాను. కళ్లు మూసుకుని, అది పక్కింటివాళ్ల భాష అనుకుని, గొంతు ఎక్కడ లేస్తోందో ఎక్కడ దిగుతోందో వినమన్నాను. అయిష్టంగానే ఒప్పుకుంది. తండ్రి ఎదురుగా కళ్లు మూసుకుని కూర్చుంది. తల్లి నోరు విప్పకూడదని షరతు పెట్టాం. ఆమెకు అదే అన్నిటికన్నా కష్టమైంది.

మొదటి రోజుల్లో కూతురు చెప్పినవన్నీ తప్పులే. ఫ్యాన్ అంటే కాదు, బయటికి అంటే కాదు. ఆయనకు విసుగొచ్చేది, ఈమెకు ఏడుపొచ్చేది. ఒక రోజు ఆయన మామూలు కన్నా మెల్లగా, చివర కాస్త పైకి లేపి అన్నారు, "సూన్?"

కూతురు కళ్లు మూసుకునే ఉంది. "ఏదో అడుగుతుండు," అంది.

మళ్లీ అన్నారు.

"కొంచెం... భయపడుకుంట అడుగుతుండు." చెవి అటు తిప్పింది. "నా గురించి అడుగుతుండా?" కళ్లు తెరిచింది. ఆయన చూపు ఆమె మణికట్టు మీద ఉంది. అక్కడ రాత్రి నూనె చింది బొబ్బ ఎక్కింది. పొద్దున్నుంచి మాలో ఎవరూ గమనించలేదు.

"ఏం కాలే బాపు. నూనె చిందింది," అంది. చెప్పడం అయితే అంతే చెప్పింది. తర్వాత లేచి, గదిలో మేమంతా ఉండగానే, చిన్నపిల్లలా ఆయన భుజం మీద తల పెట్టింది. తల్లి మా షరతు మర్చిపోయి, "పసుపు పెట్టమంటుండు," అంది. ఆయన విసుగ్గా, "వద్దు. సూన్!" అన్నారు. కూతురు తల ఎత్తకుండానే, "పసుపు కాదమ్మా, డాక్టర్‌కు చూపియ్యమంటుండు," అంది. ఆయన అవునన్నట్టు తల ఊపారు.

ఆపరేషన్ రోజు పొద్దున నేను, భాయ్‌సాబ్ ఇద్దరం థియేటర్ ఉన్న అంతస్తుకు వెళ్లాం. అది మా పని కాదు. అయినా వెళ్లాం. ఆమె ఆకుపచ్చ గౌనులో, జడ విప్పి, స్ట్రెచర్ మీద మరీ చిన్నగా కనిపించింది. బొట్టు, గాజులు తీసేశారు. ఆయన గోడ పట్టుకుని ఆమె తల దగ్గర నిలబడ్డారు. వార్డ్‌బాయ్ తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"ఏమన్న చెప్తరా?" అంది ఆమె ఆయన్ని చూస్తూ.

ఆమె ఏం వినాలనుకుంటోందో అక్కడున్న అందరికీ తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు. నోరు తెరిచారు. మెడ నరాలు ఉబ్బాయి. గోడ వదిలి ఎడమచేత్తో స్ట్రెచర్ కడ్డీ పట్టుకున్నారు. నాకు తెలిసిన ఉపాయాలన్నీ నోటిదాకా వచ్చాయి. భాయ్‌సాబ్ నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. రాలేదు. ఏ మాటా రాలేదు, ఆ పాతమాట కూడా. ఆయన కళ్ల నుంచి నీళ్లు మాత్రం ఆమె చెంప మీద పడ్డాయి.

ఆమె చెయ్యెత్తి ఆయన మొహం తుడిచింది. "సరే. తొందరేం లేదు. పోయొస్త," అంది. తలుపు మూసుకుంది.

ఆ ఎదురుచూపు గురించి ఎక్కువ చెప్పను. ఆసుపత్రిలో పనిచేసినవాళ్లకు అది తెలుసు, చేయనివాళ్లకు తెలియకపోతేనే మంచిది. కూతురు ఒక నర్సును ఆపి ఇంకెంతసేపు అని అడిగింది. "సూన్ మేడమ్, సూన్," అని నర్సు విసవిసా వెళ్లిపోయింది. ఆయన తలెత్తి ఆ నర్సు వెనకే చూశారు. తన ఆఫీసు టేబుల్‌కు అవతల నిలబడటం అంటే ఏమిటో ఆ క్షణాన ఆయన మొహంలో కనిపించింది. భాయ్‌సాబ్ ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశారు. ఏ వేళాకోళమూ ఆడలేదు.

మధ్యాహ్నం సర్జన్ బయటికొచ్చి, గడ్డ చెడ్డది కాదని, పూర్తిగా తీసేశామని చెప్పాడు. కూతురు అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం వార్డులో ఆమెకు మెలకువ వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నీళ్లు," అంది. ఇవ్వకూడదన్నారు సిస్టర్. తడి దూదితో పెదాలు అద్దమన్నారు. ఆయన నా చేతిలోంచి దూది తీసుకుని, ఎడమచేత్తో మెల్లగా అద్దారు. ఆమె కళ్లు మూసుకునే మళ్లీ అడిగింది, "జెరన్ని నీళ్లు ఇయ్యిండ్రి. ఎప్పుడిస్తరు?"

ఆయన ఆమె చెవి దగ్గరకు వంగారు. "సూన్," అన్నారు.

గొంతులో రాగం లేదు, దీర్ఘం లేదు. మేం ఎవరం అర్థం వెతకాల్సిన పని లేకపోయింది. ఇంకాసేపట్లో ఇస్తారు, ఓర్చుకో అని చెప్పారు. అంతే. ఇన్ని నెలల్లో ఆయన ఆ మాటను వేళాకోళంగా కాకుండా దాని సొంత అర్థంలో వాడటం అదే మొదటిసారి. అడిగిన మనిషిని తప్పించుకోవడానికి కాకుండా వాడటం ఆయన జీవితంలోనే మొదటిసారేమో, నాకు తెలియదు. నీళ్లు ఇవ్వొచ్చని చెప్పేదాకా ఆయన ఆ స్టూలు మీదినుంచి లేవలేదు. మొదటి చెంచా ఆయనే పట్టారు.

ఆ పేరు సంగతి కూడా చెప్పాలి. ఆ తర్వాత చాలా నెలలకు, ఒక మధ్యాహ్నం ఇంట్లో, ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే లోపలినుంచి పిలిచారట. కళ్లజోడు కనిపించక పిలిచారు, అంతే. పిలిచిన సంగతి ఆయన గమనించనే లేదట. ఆమె తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. మర్నాడు మాకు చెప్పడానికి వచ్చింది. ఏం పేరు అని నేను అడిగాను. "మీకు చెప్త అనుకున్నరా?" అని పకపకా నవ్వింది.

ఇంకో నాలుగేళ్లకు ఆయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి మా దాకా రాకుండానే పోయారు.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ కనిపించింది. తీరుబడిగా ఉన్న రోజుల్లో వచ్చి మా గది బయట బెంచీ మీద కూర్చునేది. ఎందుకొచ్చారని మేం అడగలేదు. "ఇల్లు మస్తు చప్పుడు లేకుంట ఉంటది భాయ్. ఈడైతే అందరు ఏదో ఒకటి అంటుంటరు," అని తనే అంది ఒకసారి. నిజమే, మా గదిలో రోజంతా మాటలు కాని మాటలు వినిపిస్తూ ఉండేవి. ఒకాయన ‘ట, ట, ట’ అనేవాడు. ఒకామె అన్నిటికీ తన చెల్లెలి పేరే చెప్పేది. బయట బెంచీ మీద ఈమె కళ్లు సగం మూసుకుని వాటిని వింటూ కూర్చునేది. ఒక్కోసారి, ఏదైనా మగగొంతు కాస్త దీర్ఘం తీస్తే, ఉలిక్కిపడి తల తిప్పేది. వెంటనే సర్దుకునేది.

భాయ్‌సాబ్ రిటైరయ్యారు. ఆయన తర్వాత నేనూ. నా చివరి సంవత్సరంలో ఒక పొద్దున, కిందటి వారమే మాట పోయిన కుర్రాడిని అతని భార్య తీసుకొచ్చింది. ఇద్దరూ పాతికేళ్లలోపు వాళ్లు. ఆ పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను ఫైలు చూస్తుంటే టేబుల్ అంచు పట్టుకుని అడిగింది, "మేడమ్, మా ఆయనకు మాట ఎప్పుడొస్తది?"

ఈ ప్రశ్నకు చెప్పే జవాబు నా నాలుక చివరే ఉంటుంది. ఇన్నేళ్లుగా చెప్పి చెప్పి అరిగిపోయినది. చెప్పబోతుంటే బయట బెంచీ మీద కూర్చున్న సూన్ సాబ్ భార్య లేచి లోపలికి వచ్చింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెల్లగా టేబుల్ అంచు మీదినుంచి విడిపించింది.

"నువ్వు పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?" అంది.

ఆ పిల్ల నిన్నటినుంచి ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చినట్టు తల అడ్డంగా ఊపింది.

"రా," అంది ఆమె. ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను ఆ కుర్రాడి వైపు తిరిగి, మీ పేరేమిటి అని అడిగాను.